ఇనుము రుచి

హలో… ఆ, నేనే.

మోగుతోందని తెలుసురా. ఇందాకటి నుంచి చూస్తూనే ఉన్నాను. ఎత్తాలనిపించలేదు, అంతే.

…లేదు, కోపమేం లేదు. నీ మీద నాకు కోపమెందుకు ఓస్మో? అసలేమీ అనిపించడం లేదు.

సైకిళ్ళ షెడ్డు దగ్గరున్నా. మీ గోడౌను వెనకాల… వద్దు, నువ్వు రావద్దు. కాఫీ టైమేగా, కూర్చుని కాఫీ తాగు… తాగుతూనే విను.

ఆ, అయిపోయింది. రుచి చూడ్డం అంతా అయిపోయింది.

చెబుతా. చెబుతానన్నానుగా—

ముందు తినుబండారాలు పెట్టింది, ఈ పరీక్షలు నడిపే అన్నుక్క. ఎప్పట్లాగే రంగులు తెలియకుండా ఎర్ర లైటు కింద, ఎవరి అరలో వాళ్ళం, ఒకళ్ళ మొహం ఒకళ్ళకి కనబడకుండా. కెఫీన్ వేసిన చాక్లెట్లు మొదట. ఒకటేమో కాఫీ గింజలు పచ్చివే నమిలినట్టుంది. రెండోది బాగానే మొదలైంది, మింగాక నాలిక మీద మాత్ర కరిగినట్టు చేదు. పెంతీ మాస్టారు దాని కింద 'కొత్త చెప్పుల దుకాణం వాసన' అని రాశాడట. తర్వాత చూయింగ్ గమ్ములు. దవడ లాగేసింది గానీ పుదీనా తప్ప ఏమీ తెలియలేదు. ఆ తర్వాత ఉప్పు అతిమధురం బిళ్ళలు… ఆ, వాటిలోనూ వేశారు కెఫీన్. దేన్నీ వదలరుగా. నల్లగా, పళ్ళకి తారులా పట్టుకుని… మనవాళ్ళకి అతిమధురం పెడితే తారైనా పైమార్కులే.

నవ్వకు.

నవ్వకురా ఓస్మో. నవ్వించడానికి చెప్పడం లేదు. అసలు సంగతి నోట్లోంచి రాక చుట్టూ తిరుగుతున్నా.

…

ఆ. మన కంపెనీ కెఫీన్ డ్రింకు చివర్లో పెట్టింది. రెండు కప్పులు. ఒకటి మన ఫ్యాక్టరీది, ఒకటి ఎస్తోనియా ఫ్యాక్టరీది. పేర్లేం ఉండవు, కప్పు మీద అంకెలే. స్టాక్‌హోమ్ హెడ్డాఫీసు నుంచి వచ్చినాయన గుమ్మం దగ్గర నిలబడ్డాడు, చేతులు వెనక్కి కట్టుకుని. పెద్దమనిషే.

…ఆ, దగ్గాను.

అనుకున్నట్టే దగ్గాను. శనివారం మీ సౌనా ఆవిరిగది బయట సాసేజీలు కాలుస్తూ ఏమనుకున్నామో అదే చేశాను. మనది నా నాలిక్కి తగలగానే నేను గట్టిగా దగ్గాలి, మిగతా ఏడుగురూ ఆ కప్పుకే మార్కులన్నీ గుమ్మరించాలి. దగ్గాను. గుమ్మరించారు. ఒక్కళ్ళు కూడా తప్పలేదు, పెంతీ మాస్టారితో సహా. అంత చెవుడున్నాయనకి నా దగ్గు మాత్రం వినబడింది చూడు.

…ఆగు.

ఆగు, సంబరపడకు. ఎవరికీ చెప్పకు. పక్కన ఎవరున్నారు?… అయితే కొంచెం అవతలకి వెళ్ళు.

వెళ్ళావా?

ఓస్మో, నేను దగ్గిన కప్పు మనది కాదు.

…

కాదురా. వాళ్ళది.

…విన్నావా? మొదటి కప్పు ఎస్తోనియాది. మనది రెండోది. మొదటిదానికి పదికి తొమ్మిది వేశాను. రెండోదానికి మూడు. అందరూ అంతే.

ఎలా తెలిసిందేమిటి, అన్నుక్కే చెప్పింది. కాగితాలు తీసుకున్నాక ఎప్పుడూ చెబుతుందిగా ఏ కప్పు ఎవరిదో. కాఫీ పోసింది, ఏలకుల రొట్టెలు పెట్టింది, చీటీ విప్పి చదివింది. అదీ ఏం సంతోషంగా చదవలేదులే. మా బృందంలో సెయ్యా లేదూ, చేతిలో రొట్టె అలాగే ప్లేట్లో పెట్టేసింది. స్టాక్‌హోమ్ ఆయన మాత్రం వంగి అందరికీ థాంక్స్ చెప్పాడు. చాలా నిజాయితీ గల ఊరు అన్నాడు మనది. మాకెవరికీ తల ఎత్తబుద్ధి కాలేదు.

…

నువ్వు చెప్పిన గుర్తే. నాలిక చివర ఇనుము తగులుతుంది అక్కా, మన ఇసక దిబ్బ కింద ఊరే నీళ్ళది, ఇంకెక్కడా ఉండదు అన్నావు. తగిలింది. స్పష్టంగా తగిలింది. చిన్నప్పుడు చేతిపంపు కింద నోరు పెట్టి తాగేవాళ్ళం చూడు, అచ్చం అలా. నాకు కళ్ళలో నీళ్ళు కూడా వచ్చాయి. అక్కడే, ఆ ఎర్ర లైటు కింద. మనది దొరికిందిరా అనుకున్నా.

నాదీ అదే ప్రశ్న. మన నీళ్ళ రుచి వాళ్ళ కప్పులోకి ఎలా వెళ్ళిందని. అన్నుక్కనే అడిగాను. ఎస్తోనియాలో బావి నీళ్ళలో ఇనుము ఉందట, తియ్యలేదట. మరి మన నీళ్ళలో ఏమైందమ్మా అంటే…

పోయిన వసంతంలో మీరు ఇనుము తీసేసే కొత్త ఫిల్టరు బిగించారుగా, ఓస్మో.

…

నువ్వే బిగించావుగా. ఫోటో కూడా పంపావు, దాని పక్కన నిలబడి.

…నేననడం లేదు. నీ తప్పని నేను అనడం లేదురా. విను. విను ముందు. నువ్వు రోజూ ఆ యంత్రం పక్కనే ఉంటావు, ఫ్లాస్కులో కాఫీ తెచ్చుకుంటావు. ఆ డ్రింకు ఎప్పుడన్నా తాగావా? పోయిన ఏడాదిలో ఒక్కసారి?… అదే. నేనూ తాగలేదు. మా బృందానికి ఏడాదిగా చాక్లెట్లూ గమ్ములూ బయటి కంపెనీల డబ్బాలూ పెట్టారు గానీ మనది పెట్టలేదు. ఇంట్లో ఎవరు కొంటారు? మన ఊళ్ళో నలభై దాటినవాళ్ళంతా కాఫీయే. చేసేది మనం, తాగేది ఎవరో. మన డ్రింకు రుచి మనకే తెలియదు. పంపు నీళ్ళు గుర్తుపెట్టుకుని కూర్చున్నాం ఇద్దరం.

…

ఏడుస్తున్నావా?

…సరే. లేదులే. నేనూ ఏడవడం లేదు. ఏడుపు వస్తే బాగుండును. గుండె మాత్రం దడదడలాడుతోంది, అన్ని రకాలు నోట్లో వేసుకుంటే ఆడదా మరి. అది బాధో కెఫీనో కూడా తెలియని బతుకైపోయింది నాది. చేతులు చూస్తే, ఎవరి చేతులో అన్నట్టున్నాయి.

ఆ… ఆ, తెలుసు. కాఫీ తాగాక మీ అందర్నీ హాల్లోకి పిలుస్తాడు. అక్కడ నలుగురిలో వినేకంటే నా నోటితో వింటే నయమని—

నయమేం కాదు. నిజమే.

…మాట తప్పుతాడా? తప్పడు. మీ యూనియనోళ్ళేగా పట్టుబట్టింది, మా ఊరి నాలుకలే తేల్చాలని. మనదే మేలని తేలితే డ్రింకు తయారీ లైను ఇక్కడే ఉంటుంది, వాళ్ళది మేలైతే అక్కడికి పోతుంది. ఆయన సరేనన్నాడు. సంతకం కూడా పెట్టాడు. ఇంకేం కావాలి ఆయనకి? మనమే పళ్ళెంలో పెట్టి ఇచ్చాం. ఎనిమిదికి ఎనిమిది.

నువ్వు ఈ వయసులో ఎక్కడికి వెళతావు… నాకు తెలుసులే ఓస్మో. నువ్వొక్కడివేనా. ఫ్యాక్టరీ పోతే బడి ఉంచరు, బడి పోతే ఆ ఉన్న ఒక్క దుకాణమూ మూసేస్తారు. అన్నీ తెలుసు. తెలిసినా లోపల ఏమీ కదలడం లేదు. అదే భయంగా ఉంది.

…

ఏమిటి?

…

అదెందుకు ఇప్పుడు?

…

ఇనుము, గినుము, ఊరు, అన్నీ పక్కన పెట్టి. ఏది బాగుందో నిజం చెప్పాలా.

…

రెండోది.

రెండోదే బాగుంది ఓస్మో. మొదటిది ఉమ్మేశాను, మామూలుగా ఉమ్మే గిన్నెలోకే, రూలు ప్రకారం. నోరు కడుక్కుని, రై రొట్టె ముక్క నమిలి, రెండోది నోట్లో పోసుకున్నా. చల్లగా, తేటగా… లింగన్‌బెర్రీ పులుపు ముందు తగిలి, తీపి వెనకాల వచ్చింది. చేదు అసలు లేదు. ఇది పరాయివాళ్ళది కదా, ఇంత బాగుందేమిటి అని ఒళ్ళు మండింది. మండుతూనే తాగేశాను. ఉమ్మడం మర్చిపోయాను. అడుగుదాకా తాగేసి, కప్పు కింద పెట్టి, మూడు మార్కులు వేశాను.

…ఆ. మనదే అది. నీ ఫిల్టరు నీళ్ళే.

…

ఏడువు. పరవాలేదు. అక్క దగ్గరేగా.

…

ఇన్నేళ్ళుగా ఈ పని చేస్తున్నాను. నాలిక ఏం చెబితే అది రాయడం తప్ప ఇంకేం చెయ్యలేదు. ఊళ్ళో ఎవరింట్లో సూపు చేసినా ఈ ఇర్మెలే ఉప్పు చూసి చెప్పాలి. ఇవాళ ఒక్కరోజు నాలిక మాట వినకుండా తెలివి ఉపయోగించాను. మన కంట్లో మనమే వేలు పెట్టుకున్నాం.

…

లేదు. చెప్పేస్తాను.

ఎవరికేమిటి, అన్నుక్కకి. దగ్గించి… దగ్గి మోసం చేశామని. అప్పుడీ పరీక్ష చెల్లదు. మళ్ళీ పెట్టక తప్పదు—

…పరువా? పెంతీ మాస్టారి పరువు సంగతి నాకు తెలుసు. ముప్ఫై ఏళ్ళు పిల్లలకి పాఠం చెప్పినాయన. ఆయన పేరు చెప్పను, ఎవరి పేరూ చెప్పను. నా ఒక్కదాని పేరే చెబుతా… నమ్మకపోతే పోనీ. నన్ను బృందంలోంచి తీసేస్తారు, అంతేగా. దుకాణంలో నలుగురూ నన్ను చూసి గుసగుసలాడతారు. ఆడుకోనీ. దుకాణం ఉండాలి కదా ముందు.

వద్దంటే ఎలారా? నీ కోసం కూడా కాదు. ఆ రెండో కప్పుకి మూడు వేసి ఇంటికెళ్ళి ఎలా పడుకోను?

…ఆగు. అన్నుక్క బయటికి వస్తోంది. కారు దగ్గరికి వెళుతోంది. సామాను సర్దుకుంటోంది.

నువ్వు పెట్టెయ్యకు. లైన్లోనే ఉండు. ఏం మాట్లాడకు.

—అన్నుక్కా! ఒక్క నిమిషం ఆగమ్మా!

…

లేదమ్మా, ఏం మర్చిపోలేదు. నీకో మాట చెప్పాలి. కారు తలుపు వేసి విను… ఇందాక లోపల దగ్గింది నేనే. జలుబేం లేదు నాకు. దగ్గితే మనదని గుర్తు. ముందే అనుకున్నాం… అనుకున్నాను. నేనే అనుకున్నాను. నా దగ్గు విని వాళ్ళు మార్కులు వేశారు, వాళ్ళ నాలికతో కాదు. ఆ కాగితాలు చెల్లవమ్మా. అబద్ధం.

…

కోప్పడు. కోప్పడమ్మా, నీ ఇష్టం. అలా చూడకు.

…

నీకు తెలుసా?

…తెలియడమంటే? దగ్గు సంగతా?

…కప్పులా?

…

ఓస్మో, విను. కప్పులు సర్దుతుంటే చూసిందట. మొదటి కప్పులన్నీ నిండుగానే ఉన్నాయట, ఒక్కో గుక్కే తీసినట్టు. రెండో కప్పులు—

ఖాళీయా అమ్మా?… నాదొక్కటేగా?

…

అందరివీనా?

…

ఎనిమిదీనా?

…పెంతీ మాస్టారిది కూడా?

…

ఓస్మో. అందరూ తాగేశారట్రా. రెండో కప్పు. అడుగున చుక్క లేకుండా. రుచి చూసే చోట ఎవరూ కప్పు ఖాళీ చెయ్యరు, ఇన్నేళ్ళలో ఎప్పుడూ చూడలేదంటోంది. ఎందుకిలా అని అప్పుడే అనుకుందట.

…ఆ, అవునమ్మా. అవును. మార్కుల కంటే అదే నిజం. నువ్వు స్టాక్‌హోమ్ ఆయన్ని ఒక్కసారి లోపలికి తీసుకెళ్ళు. మాటలతో నమ్మడు, ఆ కప్పులు చూపించు. ఎవరి కప్పు ఏదో అంకెలున్నాయిగా వాటి మీద. పద, నేనూ వస్తాను. నా నోటితో నేనే చెబుతాను. ఇప్పుడే, హాల్లోకి వెళ్ళకముందే—

…

ఏమైంది?

…

ఎప్పుడు?

…

అన్నీనా?

…

లేదమ్మా. లేదు లేదు. నీ తప్పేముంది ఇందులో. పనయ్యాక కడగాల్సిందేగా. ఏడవకు. ఊరుకో… ఊరుకోమ్మా.

…

ఓస్మో. ఉన్నావా?

ఆ… కడిగేసిందట.

…

బెల్లు వినబడుతోంది. పిలుస్తున్నారు మిమ్మల్ని. వెళ్ళు… మొహం కడుక్కుని వెళ్ళు. వెనక వరసలో నిలబడకు, ముందు నిలబడు. ఆయన చెప్పడం అయ్యాక, మా అక్క బయట నిలబడి ఉంది, ఒక మాట చెబుతుందట అను. నమ్మినా నమ్మకపోయినా ఆ మాట వినమను.

…వస్తున్నా. నడుస్తూనే ఉన్నా. నువ్వే పెట్టెయ్యి.