గీత గీసిన చోట

యాభై తొమ్మిదో ఏట అక్షరాలు నేర్చుకున్న అమ్మమ్మ, మనవరాలు చదివిన నవలను తనూ చదవడం పూర్తిచేసి వంటింటి బల్ల మీద పెట్టింది.

"అయిపోయిందా అమ్మమ్మా? ఎలా ఉంది?"

"పిల్ల బాగుంది. ఆ ప్రేమించే కుర్రాడే ఉత్త డాబుసరి. వాడు నవ్విన ప్రతిసారీ ఒక పేజీ ఖర్చుపెట్టింది ఆ రాసినావిడ."

"అందరికీ వాడే ఇష్టం, తెలుసా!"

"నా ధ్యాసంతా ఆ పిల్ల మీదే. బడిలో ఎవరూ పక్కన కూర్చోనివ్వక, అన్నం డబ్బా పట్టుకెళ్లి బాత్రూములో తింటుందే, అక్కడ ఆగిపోయాను."

"అది కథ కదా."

"కథేలే. కానీ అక్కడ పెన్సిలు గీతలున్నాయి. గీత గీసిన చోట రెండుసార్లు చదవాలని మా పంతులమ్మ చెప్పేది. అందుకని రెండుసార్లు చదివాను. పుస్తకం మొత్తంలో ఆ ఒక్క పేజీలోనే గీతలెందుకే?"

"ఊరికే గీశాను."

"మరి నీ డబ్బా రోజూ సగం అలాగే వెనక్కి వస్తోందేం?"

మనవరాలు బల్ల మీది పుస్తకాన్ని తన వైపు లాక్కుంది.

"చెప్పవే తల్లీ."

"అక్కడ కంపు, అమ్మమ్మా. తినబుద్ధి కాదు."

"ఇలా వచ్చి నా పక్కన కూర్చో. మొదటి నుంచి చెప్పు. చదవడమైనా వినడమైనా నాది నెమ్మదే, తొందరేం లేదు."