పక్కన నిలబడండి

నీ రిపోర్టులో తొమ్మిది మంది అని రాశావే, అందులో ఇద్దరు నాకు టీ తెచ్చినవాళ్ళు. వాళ్ళను తీసేసి ఏడుగురని రాయాల్సింది. లెక్కంటే లెక్కే కదా మరి.

కూర్చో అమ్మాయ్. అలా తలుపు దగ్గరే నిలబడితే నేనేదో నిన్ను కొరుక్కు తింటాననుకుంటారు బయటివాళ్ళు. నీ ఫారం ఇక్కడే ఉంది, పెన్నూ ఇక్కడే ఉంది. ఐదింటిలోగా ఇది మీ కాలేజీకి చేరకపోతే నీ ఇంటర్న్‌షిప్ గంగలో కలిసినట్టేనని నాకూ తెలుసు. ఆసుపత్రి ఎలా నడపాలో నేర్చుకుందామని ఆరు వారాలు తిరిగి, ఆఖరికి ఓపీ కౌంటర్లో కూర్చునేదాని సంతకం కోసం కాచుకున్నావు. ఆసుపత్రులు నడిచేది ఇలాగేనమ్మా, రాసుకో.

ఏంటీ, నా పేరు రాయలేదా? అవును, రాయలేదు. "మూడో కౌంటర్ ఉద్యోగి, నూట పద్నాలుగు మంది రోగుల్లో తలెత్తి చూసినది తొమ్మిది మందినే" అని రాశావు. ఇరవై రెండేళ్ళుగా ఆ కుర్చీలో నేను కాక ఇంకెవరు కూర్చున్నారు చెప్పు? పొద్దున మీటింగులో సూపరింటెండెంటుగారు ఆ ముక్క చదవగానే అన్ని మెడలూ ఒక్కసారిగా నా వైపు తిరిగాయి. సరే, ఆయన చదివాడు, బాగుంది. బిల్లింగ్ సెక్షన్ ఆవిడ ఎందుకు నవ్వాలి? అత్త కొట్టినందుకు కాదు గానీ తోడికోడలు నవ్వినందుకు అన్నట్టుంది నా పని.

తిన్నింటి వాసాలు లెక్కపెట్టడం అంటే విన్నాను గానీ, లెక్కపెట్టి దానికి గ్రాఫు కూడా గీసినదాన్ని నిన్నే చూశాను.

నవ్వకు. నవ్వితే నాకూ నవ్వొస్తుంది, తర్వాత తిట్టడం కుదరదు.

రెండో వారం గుర్తుందా? రికార్డ్ రూములో ఫైళ్ళన్నీ చిందరవందరగా ఉన్నాయని, ఎవరూ అడక్కుండానే, మధ్యాహ్నం భోజనం కూడా మానేసి, రెండు అల్మరాలు ఒకటి నుంచి వరసగా సర్దేశావు. చేతులు దులుపుకుని వచ్చి "మేడమ్, ఇప్పుడు చూడండి ఎంత నీటుగా ఉందో" అన్నావు. చూశాను. అవి నంబరులో చివరి రెండు అంకెల్ని బట్టి సర్దిన ఫైళ్ళమ్మా. చూసేవాళ్ళకు చిందరవందరే, వెతికేవాళ్ళకు మాత్రం చటుక్కున దొరుకుతాయి. మూడు రోజులు ఒక్క ఫైలూ దొరకలేదు. డాక్టర్లు నా మీద పడ్డారు. సూపరింటెండెంటుగారు పిలిచి "ఎవరి పని ఇది?" అంటే ఏం చెప్పాను? నాదే సార్, కొత్త పద్ధతి ప్రయత్నించాను అన్నాను. ఈ వయసులో నీకు కొత్త పద్ధతులెందుకని ఆయన చివాట్లు పెడుతుంటే బుద్ధిమంతురాలిలా విన్నాను.

అది నీకు తెలియదు కదా? ఇప్పుడు తెలిసిందిలే. కళ్ళు తుడుచుకో, ఫారం మీద పడితే మీ కాలేజీవాళ్ళు నేను ఏడిపించాననుకుంటారు.

అన్నట్టు ఆ వేషమేంటమ్మా? మాస్కు, నెత్తిన శాలువా, చేతిలో టోకెన్. రోగిలా లైనులో నిలబడి చూడమని మీ మాస్టారు చెప్పాడా? నేను టోకెన్ మీద "పాత చీటీ ఏది?" అని ఎర్రపెన్నుతో గీకి, పక్కన నిలబడండి అన్నాను. యాభై నిమిషాలు నిలబడ్డావట. రోజూ నా పక్క కుర్చీలో కూర్చునే పిల్లవి, నిన్నే గుర్తుపట్టలేదు. లైనులోకి వచ్చినప్పటి నుంచీ మిగతా వాళ్ళను లెక్కపెట్టావన్నమాట. నీ ఓపికకు దండం.

పెన్ను వైపు అలా చూడకు. అన్ని గడులూ నింపేశాను. క్రమశిక్షణకు పదికి పది. మాట తీరుకు తొమ్మిది, ఒకటి ఎందుకు తగ్గించానో నీకు తెలుసు. "లోపాలు" దగ్గర ఫైళ్ళ జోలికి పోనివ్వకండి అని రాశాను. ఇక సంతకమే మిగిలింది.

పొద్దున్నించి అదే ఎందుకు పెట్టలేదంటావా? కోపంతో అనుకున్నావు. నేనూ అలాగే అనుకున్నాను మధ్యాహ్నం దాకా.

నువ్వు రాకముందు సంగతి ఒకటి చెప్తాను. ఎవరికీ చెప్పలేదు. బట్టలు ఉతుకుదామని మా ఆయన చొక్కా జేబులో చెయ్యి పెడితే ఒక టోకెన్ దొరికింది. మన ఆసుపత్రిదే. దాని మీద ఎర్రపెన్నుతో "పాత చీటీ ఏది?" అని ఉంది. నా రాతే.

ఏంటండీ ఇది అని అడిగాను. నాలుగు రోజులుగా గుండెల్లో ఏదో బరువుగా ఉందట. నాతో చెబితే కంగారుపడతానని, నేను పనికి వచ్చాక వెనకే వచ్చాడట. లైనులో నిలబడి టోకెన్ ఇచ్చాడట. ఇరవై ఆరేళ్ళుగా నా దగ్గర టీ గ్లాసు అందుకునే చెయ్యి అది. పక్కన నిలబడండి అన్నాను. నిలబడ్డాడు. గంటన్నర నిలబడి, చూపించుకోకుండానే ఇంటికి వెళ్ళిపోయాడట.

ఒక్క మాట పిలవచ్చు కదండీ అన్నాను. "నా వెనక చాలామంది ఉన్నారే. నువ్వు మంచినీళ్ళకు కూడా లేవలేదు, పాపం అనిపించింది" అన్నాడు.

గుండెకేం ఫర్వాలేదులే. మందులు వాడుతున్నాడు.

నాకు సిగ్గేసింది అమ్మాయ్. చెప్పలేనంత సిగ్గు. రెండ్రోజులు అందరినీ తలెత్తి చూశాను, మూడో రోజు జనం పెరిగారు, మళ్ళీ మామూలే. నువ్వు లెక్కపెట్టింది ఆ మామూలునే. అందులో ఒక్క అంకె కూడా తప్పు లేదు.

ఇదిగో సంతకం. తీసుకో, నాలుగున్నరయింది.

మా ఆయనా? లేదు, ఇక్కడికి రాడు. రెండు వీధుల అవతల చిన్న ఆసుపత్రి ఉందే, అక్కడికి వెళ్తున్నాడు. అక్కడ కౌంటర్లో కూర్చునే ఆవిడ చీటీ అడగకముందే మొహం చూసి "ఏమండీ, ఎలా ఉంది ఇప్పుడు?" అంటుందట. ఇంటికొచ్చి ఆ ముచ్చట నాకే చెబుతాడు.

వెళ్తాడు మరి. నాకు ఒంట్లో బాగోకపోతే నేనూ అక్కడికే వెళ్తాను.