వీపుకంటిన మట్టి

ఏదీ, బానెట్ తెరువు చూద్దాం. అబ్బో, అన్నీ నల్ల ప్లాస్టిక్ మూతలేనా? ఇంజిన్ ఎక్కడ దాచాడ్రా వీడు? సరే, మూసెయ్. ఆ టైరు మీద కూర్చోకు ధైర్యశీల్, ప్యాంటుకి మసవుతుంది, మీ అమ్మ నన్ను తిడుతుంది. స్టూలు లాక్కో. ఏమన్నావ్, నూటిరవై గుర్రాలా? బాగుంది. మరి లాగుడెంత? టార్క్ రా, టార్క్. షోరూంలో అడగలేదా? చూశావా, అందరూ ఇంతే. గుర్రాలు ఎన్నని అడుగుతారు, లాగుడు ఊసెత్తరు. ఇదే షెడ్డులో, ఇప్పుడు హిందూరావ్ వస్తాద్ ఉండుంటే, నిన్ను లేపి నిలబెట్టి నీ మెడ పట్టుకునేవాడు. నవ్వుతావేంటి, నిజంగానే పట్టుకునేవాడు. టార్క్ అంటే ఏంటని ఎవడడిగినా ముందు మెడ మీద చెయ్యి పడేది, ఆ తర్వాతే మాట.

నీకు తెలీదులే, నువ్వు పుట్టకముందే పోయాడు. ఈ షెడ్డు ఆయనదే, నేను ఆయన దగ్గర మేస్త్రీని. మొదట ఆయన పహిల్వాను. మన పేట తాలీంలో, కుస్తీ గోదా ఎర్రమట్టిలో పెరిగిన ఒళ్ళు. మోకాలు విరిగాక ఇంజిన్లలోకొచ్చాడు గానీ కుస్తీ భాష మాత్రం వదల్లేదు. మెడ పట్టుకుని, "ఏదీ, కదులు" అనేవాడు. ఎలా కదులుతారు? "ఇదీ టార్క్. నిన్నింకా పడెయ్యలేదు, అంగుళం కూడా తిప్పలేదు, అయినా తిప్పే బలం నా చేతిలో ఉంది కదా? ఇప్పుడు నిన్ను పడేసి, నీ వెనకవాణ్ణి పడేసి, వాడి వెనకవాణ్ణి పడేసి, ఈ పని ఎంత చురుగ్గా చేసుకుంటూ పోతానో అదీ పవర్" అనేవాడు. అర్థమైందా? ఆఁ, అంతే. పట్టు చిన్నదే అయినా ఇంజిన్ గిరగిరా తిరిగిందంటే పవర్ లెక్క పెరిగిపోతుంది. నీ బండి అలాంటిదే. డీజిలుది వేరు. మెల్లగా తిరుగుతున్నప్పుడే గట్టిగా పట్టుకుంటుంది. ఆయనకి డీజిలంటే ప్రాణం. పెట్రోలు ఇంజిన్ చప్పుడు వింటే మొహం చిట్లించేవాడు, పెళ్ళి బ్యాండు అనేవాడు.

ఇంకో సంగతి చెప్పాలి, మర్చిపోతాను. మన తాలీంలో ఒక పద్ధతుండేది. ఇప్పుడు ఉందో లేదో, ఇప్పుడంతా చాపల మీద కుస్తీలు కదా. కుస్తీ అయ్యాక, గెలిచినవాడు ఓడినవాణ్ణి చెయ్యిచ్చి లేపి, వాడి వీపుకంటిన మట్టి తన అరచేత్తో తుడవాలి. పైనుంచి కిందకి, మెల్లగా. ఆ తుడుపుతో పగ అక్కడే పోవాలి. తుడవకుండా వెళ్ళిపోయినవాడితో మళ్ళీ ఎవడూ జతకట్టేవాడు కాదు. పిల్లలకి పట్లు నేర్పకముందు అది నేర్పేవాళ్ళు. హిందూరావ్ కూడా ఎంతమందికి నేర్పాడో. తమ్ముడికీ ఆయనే నేర్పాడు.

ఆఁ, తమ్ముడు. అక్కడికే వస్తున్నా, తొందరేంటి, టీ రానీ. సర్జేరావ్ అని, వస్తాద్ కంటే బాగా చిన్నవాడు. తల్లి పోతే వదినే పెంచింది, అన్నం కలిపి పెట్టి. సన్నంగా, చురుగ్గా ఉండేవాడు. చేతిలో పనితనం ఉంది. ముంబై తుక్కు బజారు నుంచి ఏదో విదేశీ కారు ఇంజిన్ పట్టుకొచ్చి తన జీపులో బిగించాడు. పెట్రోలుది. ఏం అరుపు రా నాయనా! తొక్కినకొద్దీ తిరిగేది, తిరిగినకొద్దీ పాడేది. ఊళ్ళో కుర్రాళ్ళంతా ఆ చప్పుడు వినడానికే వచ్చేవాళ్ళు. వస్తాద్‌కి ఒళ్ళుమంట. ఒకరోజు సర్జేరావ్ వచ్చి, "అన్నా, షెడ్డు బోర్డు మీద నీ పేరు పక్కన నా పేరు కూడా రాయించు" అన్నాడు. అంతే అడిగాడు పాపం. వాటా అడగలేదు, వేరుపడతాననలేదు. "రాయిస్తాలే," అన్నాడు ఈయన, "నీ పెళ్ళి బ్యాండు బెల్లం బరువుతో జోతిబా గుడి కొండెక్కితే రాయిస్తా. నా డీజిలూ వస్తుంది. మధ్యలో ఆ ఏటవాలు మలుపు దగ్గర ఇద్దరం ఆపాలి. ఆపి, మళ్ళీ కదిలించాలి." న్యాయమైన షరతే. భక్తుల్ని ఎక్కించుకునే జీపులన్నీ అక్కడ ఆగేవే కదా. సర్జేరావ్ మీసం తిప్పి సరేనన్నాడు.

ఆ రోజు సగం పేట కొండ మీదే ఉంది. చైత్రయాత్ర అప్పుడే అయింది, రోడ్డు పక్కనంతా జనం చల్లిన గులాల్ ఇంకా అలాగే ఉంది. రెండు జీపుల్లోనూ బెల్లం దిమ్మలు నింపారు. కొండ కింద నుంచి సర్జేరావ్ బాణంలా పోయాడు. నేను వస్తాద్ పక్కన కూర్చున్నా, మాది డుగుడుగుమంటూ వెనకాల. అబ్బ, వీడు గెలిచాడ్రా అనుకున్నా. మలుపు దగ్గర ఆపాడు. మళ్ళీ కదిలించబోతే ఇంజిన్ ఆగిపోయింది. ఇంకోసారి కదిలించాడు, ఆగిపోయింది. ఈసారి బాగా తొక్కిపెట్టి క్లచ్చి వదిలాడు. క్లచ్చి కాలి పొగ లేచింది, బండి వెనక్కి జారింది. హ్యాండ్‌బ్రేకు లాగేసరికి ఆ కుదుపుకి వెనక తలుపు ఊడి బెల్లం దిమ్మలు రోడ్డు మీద దొర్లాయి, గులాల్‌లో పడి గులాబీ రంగైపోయాయి. జనం నవ్వారు. ఎందుకు నవ్వరు? ఎవడో "చాంగ్‌భలం" అని అరిచాడు కూడా, దేవుడికి చెప్పే మాట వెటకారానికి. మా డీజిలు ఆగింది, మళ్ళీ ఏమీ జరగనట్టే కదిలింది. పైదాకా ఎక్కి, తిప్పుకుని వచ్చి, తమ్ముడి పక్కనే ఆపాడు వస్తాద్. బండి దిగాడు.

అందరూ ఆయన చేతివంకే చూస్తున్నాం. తాలీం వాళ్ళంతా అక్కడే ఉన్నారు కదా. వెళ్ళి వీపు మీద చెయ్యి వేస్తాడు, తుడుస్తాడు, అయిపోతుంది, ఇంటికెళ్ళి అందరం మటన్ రస్సా తాగుతాం అనుకున్నాం. వదిన వండిపెట్టింది కూడా. ఆయన చేతులు కట్టుకుని, "బోర్డు మీద చోటు లేదులే సర్జా" అన్నాడు. నవ్వుతూ అన్నాడు. ఇప్పటికీ నా చెవిలో ఉంది ఆ నవ్వు. సర్జేరావ్ తాళాలు జీపు సీటు మీద పెట్టి, కొండ నడిచే దిగాడు. ఇంటికి రాలేదు. రత్నగిరి పోయి చేపల లారీ తోలుతున్నాడని తర్వాత తెలిసింది.

అసలు సంగతి ఇప్పుడు విను. కొన్నాళ్ళకి వస్తాద్ ఫౌండ్రీలో దగ్గరుండి హౌసింగ్ గేర్లు చేయించుకొచ్చాడు. వెనక చక్రాల మధ్య ఉంటాయే, ఆ జత. తమ్ముడి జీపు విప్పి బిగించాడు, బెల్లం ఎక్కించాడు, నన్ను పక్కన కూర్చోబెట్టుకుని కొండకి తోలాడు. మలుపు దగ్గర ఆపాడు. మళ్ళీ కదిలించాడు. వెన్నలా కదిలిందిరా ధైర్యా! పైకి పోతుంటే బస్సులు పక్కకి తప్పుకున్నాయి. ఎందుకంటావా? ఆ జీపులో గేర్లు పాతవి, డీజిలుకని పెట్టినవి. ఆ గిరగిరా తిరిగే ఇంజిన్‌కి చక్రాన్ని ఇంకా మెల్లగా తిప్పే గేరు కావాలి, అంతే. పట్టు చిన్నదైనా తిరుగుడుంది కదా, ఆ తిరుగుడుని గేరు పట్టుగా మార్చి చక్రానికిస్తుంది. పవరున్నవాడికి లాగుడు గేర్లలో దొరుకుతుంది. కొండ మీద బండి ఆపేసి, స్టీరింగ్ మీద తల పెట్టుకున్నాడు. "నాకు ఆ రోజే తెలుసు బాపూ," అన్నాడు నాతో. "పందెం వేసినప్పుడే తెలుసు. వాడొచ్చి, అన్నా ఏం చెయ్యాలి అనడుగుతాడనుకున్నా. అడిగితే చెప్దామనుకున్నా." అంత పెద్ద మనిషి, భుజాలు ఊగిపోయేలా ఏడ్చాడు. నేను పక్కకి తిరిగి బెల్లం దిమ్మలు చూస్తూ కూర్చున్నా.

తర్వాత ఆ గేర్లు మళ్ళీ విప్పేశాడు. తుడిచి, నూనె గుడ్డలో చుట్టి, వాడొచ్చి వాడి చేత్తోనే బిగించుకోవాలన్నాడు. బోర్డు కూడా మార్పించాడు, అదిగో, బయట వెలిసిపోయి ఉంది చూడు, రెండు పేర్లు. కబురు మీద కబురు పంపాం, రాలేదు. ఒకసారి తనే రత్నగిరి వెళ్ళాడు. లారీ ఆఫీసు ఎదురుగా టీ తాగాడట, తమ్ముడు కనపడ్డాడట, పిలవకుండానే తిరిగొచ్చాడు. మరి పిలవలేదేం వస్తాద్ అంటే, "నోరు రాలేదు రా" అన్నాడు. మెడ పట్టుకోవడం వచ్చు గానీ మనిషిని పిలవడం రాలేదు ఆయనకి. ఏం లాభం చెప్పు, అంత తెలిసీ.

వస్తాద్ పోయిన రోజున వచ్చాడు సర్జేరావ్. తల నెరిసిపోయింది. ఈ షెడ్డు ముందు మట్టినేల మీదే పడుకోబెట్టాం వస్తాద్‌ని, ఒంటి మీద చొక్కా లేదు. నేను ఆ నూనె గుడ్డ తెచ్చి సర్జేరావ్ చేతిలో పెట్టా, మీ అన్న నీకోసం చేయించాడయ్యా అని. విప్పాడు. గేరు పళ్ళ మీద బొటనవేలు నడిపించాడు. పనిమంతుడు కదా, చెప్పక్కర్లేకపోయింది. "దీంతో ఎక్కేది," అన్నాడు. "అన్నకి తెలుసా?" అన్నాడు. నేను తలూపా. "ఆ రోజే తెలుసా?" నేను మళ్ళీ తలూపా. గేర్లు నేల మీద పెట్టేసి లేచాడు. వెళ్ళిపోతున్నాడనే అనుకున్నాం, వదిన చీర కొంగు నోట్లో కుక్కుకుంది. వాడు వెళ్ళలేదు. నలుగురం పాడె మీదకి ఎత్తబోతుంటే, ఆగండన్నాడు. అన్న భుజం కింద చెయ్యిపెట్టి, పక్కకి ఒరిగించి, వీపుకంటిన మట్టి అరచేత్తో తుడిచాడు. పైనుంచి కిందకి. మెల్లగా. తాలీంలో అన్న నేర్పినట్టే.

అక్కడున్న ముసలి పహిల్వాన్లలో ఒక్కడు కూడా తలెత్తలేదు.

ఆ గేర్లా? ఆ పై అరలో, ఎర్ర డబ్బా పక్కన... తియ్యకు, తియ్యకు, చేతికి నూనవుతుంది. నిన్ననే తుడిచి పెట్టా. ఏదీ, ఆ బానెట్ మళ్ళీ తెరువు. ఆయిల్ ఎప్పుడు మార్పించావ్?