మౌసుల బీరువా

కంప్యూటరు మీద డ్రాయింగు నేర్పే గది. సాయంత్రం బ్యాచ్ వెళ్ళిపోయింది. పాత మాస్టారు, రేపటినుంచి ఆయన కుర్చీలో కూర్చోబోయే అమ్మాయి.

“…ముందు మెయిన్ స్విచ్ వెయ్యాలి. తర్వాతే కంప్యూటర్లు, అవీ ఒక్కొక్కటిగా. అన్నీ ఒకేసారి వేశావంటే కింద వెల్డింగు షాపువాడి ఫ్యూజు పోతుంది, వాడు చేతిలో రాడ్డుతోనే పైకొస్తాడు. తెరలు పొడి గుడ్డతో తుడవాలి. బోర్డు మీద నిన్నటిది చెరపాలి. ప్రింటర్లో కాగితాలు విదిలించి పెట్టాలి, లేకపోతే రెండేసి లాగుతుంది. వెళ్ళేటప్పుడు కిటికీలు మూశావో లేదో చూసుకోవాలి, పావురాలు వచ్చి కీబోర్డుల మీద… సరే, అది నీకు తెలిసిందే. కిటికీ పక్క సీటు ఉందే, దాన్ని ఆనుకున్న బల్ల దగ్గర ఎవర్నీ కూర్చోబెట్టకూడదు. కుళాయి…”

“ఎందుకని?”

“కారుతుంది కాబట్టి.”

“కుళాయి సంగతి కాదు మాస్టారూ. ఆ బల్ల.”

“చెప్పింది విను. కుళాయి గట్టిగా తిప్పాలి.”

“నేను చదువుకున్న రోజులనుంచీ ఆ బల్ల ఖాళీగానే ఉంది. దయ్యం పట్టిందని చెప్పుకునేవాళ్ళం.”

“దయ్యమే అనుకో. ఎవర్నీ కూర్చోబెట్టకు.”

“సరే. బీరువా తాళంచెవి ఇవ్వండి, వెళ్ళిపోతాను.”

“మేడమ్‌గారికి తొందరగా ఉన్నట్టుంది.”

“వెటకారం వద్దు.”

“వెటకారం ఏముంది? నిన్నటిదాకా అమ్మాయ్ అన్నాను. రేపట్నుంచి ఈ కుర్చీ నీది. మేడమ్‌వే కదా.”

“ఈ కుర్చీ నేను అడగలేదు.”

“అడగలేదులే. ఓనరుకి ఉత్తరం రాశావు, అంతే.”

“…ఎవరు చెప్పారు?”

“ఆయనే చదివి వినిపించాడు. బాగా రాశావు. ‘మాస్టారి పద్ధతి వల్ల కొత్తవాళ్ళు వారం తిరక్కుండా మానేస్తున్నారు.’ వారం తిరక్కుండా! ఆ మాట కూడా నా దగ్గర నేర్చుకున్నదే.”

“అబద్ధం రాశానా?”

“లేదు.”

“మీ మొహం మీద చెప్పకుండా రాశానా? రెండుసార్లు చెప్పాను. రెండుసార్లూ కుళాయి కారుతోందని లేచి వెళ్ళిపోయారు.”

“కారుతూనే ఉంది మరి.”

“మాస్టారూ, రేపు పొద్దున కొత్త బ్యాచ్. ప్రతి బల్ల మీదా మౌసు ఉండాలి. అవి ఆ బీరువాలో ఉన్నాయి. తాళంచెవి మీ జేబులో ఉంది. ఇందులో మనం మాట్లాడుకోవాల్సింది ఏముంది?”

“మొదటి వారం మౌసు ముట్టకూడదు. అదీ ఉంది.”

“ఎదుటి సందులో కంప్యూటరు సెంటరువాళ్ళు మొదటిరోజే తెర మీద ఇల్లు చూపిస్తున్నారు. తలుపు నొక్కితే తెరుచుకుంటుంది. లైటు నొక్కితే వెలుగుతుంది. గుండ్రంగా తిప్పి పైకప్పు కూడా చూపిస్తున్నారు.”

“ఆ ఇల్లు గీసింది ఎవరు?”

“ఎవరో గీశారు.”

“అదీ సంగతి. ఒకడు కట్టిన ఇంట్లో కాపురం పెట్టడం ఎవడికైనా వచ్చు.”

“మనం ఏం చూపిస్తున్నాం? మొదటిరోజు ఒక గీత. రెండోరోజు ఇంకో గీత.”

“నాలుగైతే చతురస్రం.”

“అదయ్యేసరికి గదిలో మిగిలేదీ నలుగురే. తలా ఒక గీత.”

“మిగిలినవాళ్ళకి పని వస్తుంది.”

“పోయినవాళ్ళు మనుషులు కారా? ఓనరు ఏమన్నాడో తెలుసా మీకు? ఈ బ్యాచ్‌లోనూ సగం మంది మానేస్తే, ఈ గది కింద వెల్డింగు షాపువాడికి గోడౌనుకి ఇచ్చేస్తానన్నాడు. అప్పుడు మీ కుర్చీ లేదు, నా కుర్చీ లేదు. మీకేం, పింఛను ఉంది. మా ఇంట్లో డిగ్రీ దాకా వచ్చినదాన్ని నేనొక్కదాన్ని. నెత్తిమీద తట్ట లేకుండా పనికి వెళ్ళొచ్చే మనిషిని మావాళ్ళు ఇప్పుడే మొదటిసారి చూస్తున్నారు.”

“అందుకని నా నెత్తిన తట్ట పెట్టావు.”

“మీ నెత్తిన పెట్టింది మీ మొండితనం.”

“ఆహా.”

“మొదటి వారమంతా కీబోర్డే. ‘ఎక్కడ మొదలు? ఎంత దూరం? ఎటు తిరగాలి?’ గీతకి ఎల్ కొట్టు, ఎంటర్ కొట్టు, వంద కొట్టు, తొంభై డిగ్రీలు తిరుగు. వృత్తానికి సి కొట్టు, కేంద్రం చెప్పు, వ్యాసార్ధం చెప్పు. నిద్రలో లేపినా చెప్పేదాన్ని. మా అమ్మ ఏదో గాలి సోకిందేమోనని దిష్టి కూడా తీసింది.”

“ఇప్పటికీ మర్చిపోలేదు కదా.”

“మర్చిపోనివ్వలేదు మీరు. అసలు మౌసుతో వచ్చిన కష్టమేమిటో చెప్పండి. ఒక్క కారణం. సరైన కారణం చెబితే రేపు నేను కూడా ముట్టను.”

“చేత్తో ఈడ్చి గీస్తే మూలలు కలవవు. చూడ్డానికి కలిసినట్టే ఉంటాయి. దగ్గరికెళ్ళి చూస్తే సందు. ఆ సందులోంచి లారీ పోతుంది.”

“నేను మౌసు తెచ్చుకున్నాను. సంచీలో ఉంది.”

“తాళం ఇవ్వనని ముందే తెలుసన్నమాట.”

“మీ దగ్గర చదువుకున్నాను కదా. చూడండి. ఒకటి, రెండు, మూడు, నాలుగు. చతురస్రం. మీరు తుమ్మేలోపు అయిపోయింది.”

“లోపల రంగు నింపు.”

“నింపుతాను… ఇదిగో…”

“నిండలేదు.”

“ఉండండి.”

“చెప్పానా? మూల దగ్గరికెళ్ళి చూడు. లారీ.”

“మాస్టారూ, ఈ మిషన్లో స్నాప్ ఆపేసి ఉంచారు.”

“…అన్నిట్లోనూ ఆపే ఉంచాను.”

“అన్నిట్లోనూ! ఇదిగో, ఒక్క బటను. వేశాను. మళ్ళీ గీస్తున్నాను. గీత మూల దగ్గరికి రాగానే దానంతటదే పట్టుకుంటోంది చూడండి, ఇనప ముక్క అయస్కాంతానికి అంటుకున్నట్టు. రంగు వేస్తున్నాను. నిండిందా?”

“ఊఁ.”

“నిండిందా లేదా?”

“నిండింది.”

“కొత్తవాళ్ళకి ఈ ఒక్క బటను చూపిస్తే చాలదా? దానికోసం వారంపాటు మౌసులు బీరువాలో పెట్టి తాళం వెయ్యాలా?”

“ప్రింటరు కాగితాలు విదిలించి పెట్టాలని చెప్పాను కదూ?”

“చెప్పారు. ఇది కారణం కాదని ఒప్పుకుంటారా?”

“మౌసులు పోతాయి. ఎవడో ఒకడు జేబులో వేసుకుపోతాడు.”

“వారం తర్వాత ఇచ్చినప్పుడు పోవా? మొదటి వారమే దొంగలు వస్తారా?”

“దుమ్ము…”

“బల్లలు నేను తుడుస్తున్నాను. దుమ్ము మాట నా దగ్గర చెప్పకండి. మాస్టారూ, పిల్లలు మిమ్మల్ని ఏమంటారో తెలుసా? ఎలుకల బోను మాస్టారు.”

“తెలుసు. ఆ పేరు పెట్టింది మీ బ్యాచే.”

“ఇంకోటి కూడా అంటారు. మీకు మౌసు చేతకాదంటారు. ముప్పయ్యేళ్ళు డ్రాయింగు బల్ల మీద స్కేలు పట్టుకుని గీసిన చెయ్యి, అది దీనికి వంగదంటారు. మీకు రానిది వాళ్ళకి ఎక్కడ వచ్చేస్తుందోనని తాళం వేసుకున్నారంటారు.”

“అననీ.”

“నేనూ అదే రాశాను ఉత్తరంలో.”

“అదీ చదివాడు. రెండుసార్లు చదివాడు.”

“తప్పైతే తప్పని చెప్పండి.”

“తప్పని చెబితే ఉత్తరం వెనక్కి తీసుకుంటావా?”

“తీసుకోను.”

“మరి నా నోటికెందుకు పని?”

“ఎన్నాళ్ళు చదివాను మీ దగ్గర? ఎన్నాళ్ళు మీ పక్కన నిలబడి సాయంత్రం బ్యాచ్ చూసుకున్నాను? నా డ్రాయింగు ఒక్కటైనా బాగుందన్నారా?”

“బాగున్నవి తీసి పక్కన పెట్టాను. బాగాలేనివి నీకు చూపించాను. అదే నా పని.”

“ఓనరు నా పేరు అడిగినప్పుడైనా…”

“వద్దనే చెప్పాను.”

“ఏమిటి?”

“వద్దన్నాను. పని వచ్చు, ఓర్పు లేదు, కొత్తవాళ్ళ మీద ముందు ఆవిడే విసుక్కుంటుంది అన్నాను. ఆయన వినలేదు. ఇప్పుడు చూడు, ఎలా అడుగుతున్నావో తాళంచెవి.”

“…మీతో ఓర్పుగా ఉన్నవాళ్ళెవరో చెప్పండి, వాళ్ళ కాళ్ళకి దణ్ణం పెడతాను. ఆగండి, ఓనరు ఫోను. సార్… ఆఁ సార్… ఇక్కడే ఉన్నారు సార్. అన్నీ చూపించారు. తాళంచెవా… ఇచ్చేశారు సార్. నా చేతిలోనే ఉంది. లేదు సార్, గొడవేం లేదు. సరే సార్.”

“నా కోసం అబద్ధం ఆడక్కర్లేదు.”

“మీ కోసం కాదు. పైకొచ్చి ఆయన మిమ్మల్ని నాలుగు మాటలంటే నేను నిలబడి వినాలి. నాకు అంత తీరిక లేదు. అయినా అబద్ధాలు మీకు కొత్తా? మౌసులు రిపేరుకి పోయాయని ఎంతమందికి చెప్పారు? ప్రతి బ్యాచ్‌కీ సరిగ్గా మొదటి వారమే చెడిపోయే మౌసులు!”

“మీ బ్యాచ్ నమ్మింది.”

“మేం నమ్మడానికి కారణం ఉంది. మొదటిరోజు మౌసులున్నాయి. నాకు గుర్తుంది.”

“గుర్తుందా?”

“బల్లలన్నిటి మీదా ఉన్నాయి. తర్వాత రెండ్రోజులు నేను రాలేదు, జ్వరం. నాలుగోరోజు వచ్చేసరికి బల్లలన్నీ ఖాళీ. అన్నీ ఒకేసారి చెడిపోయాయన్నారు.”

“జ్వరమా?”

“జ్వరమే.”

“మంచిది.”

“మంచిదేమిటి? అవి చెడిపోలేదు కదా?”

“ఒక్కటి కూడా చెడిపోలేదు.”

“మరెందుకు చెప్పారు? మా బ్యాచ్‌తోనే మొదలైంది ఈ తాళం. అంతకుముందు మీకూ ఈ పిచ్చి లేదు. ఏం జరిగింది ఆ రెండ్రోజుల్లో?”

“కుళాయి…”

“కుళాయి నేను తిప్పాను. కారడం లేదు. వినండి, చప్పుడు లేదు. చెప్పండి.”

“మీ నాన్న వచ్చాడు.”

“…ఎక్కడికి?”

“ఇక్కడికే. అదిగో, ఆ గుమ్మం దగ్గర నిలబడ్డాడు. కూర్చోమంటే కూర్చోలేదు. బట్టలకి సిమెంటు ఉంది, కుర్చీ పాడవుతుందన్నాడు.”

“మా నాన్న ఇక్కడికి ఎప్పుడూ రాలేదు.”

“వచ్చాడు. ‘మా పిల్ల ఇంక రాదండీ, పేరు కొట్టేయండి’ అన్నాడు. ఏమైందన్నాను. మౌసు పేరు ఆయనకి తెలీదు. ‘ఆ తోక ఉన్న పెట్టె మా పిల్ల మాట వినలేదటండీ. అందరూ నవ్వారట. అన్నం తినడం లేదు’ అన్నాడు.”

“మీరేమన్నారు?”

“పేరు కొట్టనన్నాను. ఎల్లుండి పంపించు, ఆ తోక పెట్టెలు గదిలో ఒక్కటీ ఉండవు, మాట నాది అన్నాను. వెళ్ళబోతూ వెనక్కి వచ్చాడు. ‘నేను వచ్చినట్టు చెప్పకండి. జ్వరమని చెప్పుకుంటోంది. అలాగే ఉండనివ్వండి’ అన్నాడు.”

“నాకు జ్వరమే వచ్చింది.”

“సరే. జ్వరమే.”

“అది మాకు ఒక్క బ్యాచ్‌కి. తర్వాత ఇన్ని బ్యాచ్‌లు ఎందుకు?”

“తర్వాత బ్యాచ్‌లో ఒక వడ్రంగి వచ్చాడు. ఆ తర్వాత, పిల్లల్ని బడికి పంపి ఒకావిడ వచ్చేది. కీబోర్డు మీద తప్పు కొడితే కొట్టినవాడికే తెలుస్తుంది. మౌసు పట్టుకుంటే ఎవరి చెయ్యి ఎటు పోతోందో గది మొత్తానికి కనబడుతుంది.”

“ఇది ఓనరుకి చెప్పి ఉండొచ్చు కదా. నేను అలా రాసినప్పుడైనా. చేతకాదు అని రాసినప్పుడైనా.”

“చెబితే ఎవరి గురించని అడుగుతాడు. మీ నాన్నకి మాటిచ్చాను.”

“ఇప్పుడు చెప్పేశారు.”

“ఇప్పుడు నేను ఇక్కడ మాస్టారిని కాను.”

“…అయినా సరే, రేపు మౌసులు ఇస్తాను. మీరు చేసింది మంచికే కావచ్చు, దానికి మానేసినవాళ్ళూ ఉన్నారు. వాళ్ళ నాన్నలు ఇక్కడికి రాలేదు, అంతే. ఏడ్చి పడుకున్నవాళ్ళు వాళ్ళలోనూ ఉండే ఉంటారు.”

“ఉంటారు. ఇవ్వు. స్నాప్ వేసి ఇవ్వు. ఇందా తాళంచెవి. రెండుసార్లు తిప్పాలి, ఒకసారి తిప్పితే రాదు.”

“తెలుసు.”

“తెలియదు నీకు. ఎప్పుడూ తియ్యనివ్వలేదు నేను.”

“…మాస్టారూ.”

“మళ్ళీ ఏమిటి?”

“ఆ కిటికీ సీటు పక్క బల్ల. మౌసులు ఇచ్చేటప్పుడు కూడా ఖాళీగానే ఉంచాలా?”

“అప్పుడే ఉంచాలి. గీత సగంలో ఉండగా బల్ల అంచు వచ్చేసింది ఒక పిల్లకి. మౌసుని ఎత్తి వెనక్కి తెచ్చి పెట్టుకోవచ్చని ఎవరూ చెప్పలేదు, నేనూ చెప్పలేదు. గీత తెగిపోతుందేమోనని, మౌసుని పక్కమ్మాయి బల్ల మీదకి, ఆ అమ్మాయి పుస్తకం మీదనుంచి తోసుకుంటూ పోయింది. అలాంటివాళ్ళు మళ్ళీ వస్తారు, పక్క బల్ల ఖాళీగా ఉంటే ఎవరూ నవ్వరు. నా పద్ధతి మర్చిపో, నన్నూ మర్చిపో. ఆ పిల్లని మాత్రం గుర్తుపెట్టుకో, మేడమ్.”