అదురు చంపేది

నా పేరు సుధామణి. తండ్రి బంగారురాజు, తల్లి మ్యా మ్యా అనే బర్మా ఆవిడ; ఇద్దరూ ఇప్పుడు లేరు. వయసు నలభై ఆరు. యాంగోన్‌లో చిమిండైంగ్ బజారు వెనక, నది వైపు వీధిలో ఇంజన్ల షెడ్డు నడుపుతున్నాను. పాత ఇంజను పూర్తిగా విప్పి మళ్ళీ కట్టడం నా పని. ఈ ఠాణాలో మీరు లోపల ఉంచిన వేణుబాబు నా తమ్ముడు. వాడిని విడిపించుకోవడానికే వచ్చాను. నాకు బర్మా భాష బాగానే వచ్చు, చదివింది బర్మా బడిలోనే. అయినా ఈ వాంగ్మూలం తెలుగులోనే ఇస్తానని పట్టుబట్టాను, ఎందుకంటే తప్పు జరిగింది ఒక తెలుగు మాట దగ్గర. దుబాసీగా కూర్చున్న చంద్రరావు గారు ఇన్సేన్ రైల్వే వర్క్‌షాపులో పనిచేసి రిటైరైన పెద్దమనిషి. చుట్టం కాదు గాని నేను బాబాయ్ అనే పిలుస్తాను.

పొద్దున మీ బల్ల మీద ఉన్న ఇనప చక్రం నాది. అది బాంబు కాదు. దాన్ని డ్యాంపర్ అంటారు. ఇంజనులో క్రాంకు అని పొడవాటి ఇరుసు ఉంటుంది, దాని ముందు కొసకి దీన్ని బిగిస్తారు. ఎందుకు బిగిస్తారో మొదటినుంచీ చెప్పకపోతే మీకు అర్థం కాదు.

రాజమోహన్ గారని మా ఖాతాదారు ఒకాయన దగ్గర పాత జపాను కారు ఉంది. ఆరు సిలిండర్లు ఒకే వరసలో ఉంటాయి. దానికి టర్బో పెట్టి రెట్టింపు బలం రప్పించమన్నారు. సిలిండర్లో పెట్రోలు పేలిన ప్రతిసారీ క్రాంకు మెలి తిరుగుతుంది, తడి లుంగీని పిండినట్టు. మళ్ళీ వెనక్కి విచ్చుకుంటుంది. ఏదో ఒక వేగం దగ్గర ఆ మెలీ ఈ పేలుడూ ఒకే తాళంలో పడతాయి. ఊగే ఉయ్యాలని సరిగ్గా అదనులో తోసినట్టు, అదురు అదురుని పెంచుతుంది. బయటికి ఏమీ తెలియదు. కారు హాయిగా పరుగెడుతూనే ఉంటుంది. తర్వాత ఒకరోజు క్రాంకు విరుగుతుంది. అలా విరగకుండా ఆపేదే డ్యాంపర్.

ఆ ఇంజను కడుతున్నన్నాళ్ళూ నాకు ఒకటే కల వచ్చేది. నది అడుగున ఆ క్రాంకు తిరుగుతూ ఉంటుంది. చప్పుడు ఉండదు. పైన పడవలో మా నాన్న కూర్చుని గ్లాసుతో నీళ్ళు పట్టుకుని వాటినే చూస్తూ ఉంటాడు. బతికున్నప్పుడు కూడా అంతే, అదురు ఎంతుందో తెలియడానికి నడుస్తున్న ఇంజను మీద గ్లాసు పెట్టి నీళ్ళు చూసేవాడు. కలలో ఆ నీళ్ళ మీద వలయాలు లేస్తాయి. వలయాలు ఆగవు. నేను ఏదో ఒకటి అందివ్వాలి, చేతిలో ఏమీ ఉండదు. లేచాక కూడా చాలాసేపు మంచం అదురుతున్నట్టే ఉండేది. అధికారి గారు విషయానికి రమ్మన్నారు. ఇదే విషయం.

క్రాంకు కొసకి డ్యాంపర్ బదులు బిగించడానికి రాజమోహన్ గారికి అల్యూమినియం పుల్లీ నచ్చింది. తేలిక, నీలం రంగు, ఇంజను చటుక్కున వేగం అందుకుంటుంది. మా వేణు కూడా దాన్నే వెనకేసుకొచ్చాడు. అందంగా ఉంటే గోడకి తగిలించుకోమన్నాను. ఒకే ముక్క లోహం అది, అదురు వస్తే తీసుకోవడానికి దాంట్లో ఏముంది? కారుతో వచ్చిన పాత డ్యాంపర్లో రబ్బరు ఉంది గాని అది ఎండి పగిలింది. పైగా కంపెనీవాళ్ళు దాన్ని పాత బలానికి, పాత అదురుకి లెక్క చూసి చేశారు. కొత్త బలానికి అది చాలదు. మూడోది మీ బల్ల మీద పెట్టినది. మూసిన డొల్లలో బరువైన కడియం ఒకటి వదులుగా ఉంటుంది, దాని చుట్టూ చిక్కటి సిలికాన్ ద్రవం. డొల్ల క్రాంకుతో పాటు అదురుతుంది, లోపలి కడియం దాని మానాన అది నెమ్మదిగా తిరగబోతుంది. మధ్యలో ద్రవం నలిగి ఆ అదురునంతా తను పుచ్చుకుంటుంది. ఏ వేగంలో వచ్చిన అదురైనా సరే. అది కావాలన్నాను. బ్యాంకాక్ నుంచి తెప్పించడానికి ఒక వర్షాకాలం పోయి ఇంకో వర్షాకాలం వచ్చింది. అది బయల్దేరిందని కబురొచ్చిన రోజునుంచి ఆ కల రాలేదు.

సోమవారం సాయంత్రం ఊరి చివర లైంగ్‌థార్యార్‌లో, బ్యాంకాక్ సరుకు తెచ్చిన లారీ దగ్గర వేణు పార్సిల్ తీసుకుని బస్సెక్కాడు. దారిలో తనిఖీ దగ్గర మీవాళ్ళు దింపారు. డొల్ల మీద తెరవకూడదు, కొట్టకూడదు, వేడి తగలనివ్వకూడదు అని రాసి ఉంది. అలా రాసి ఉంటే ఎవరికైనా అనుమానం వస్తుంది, మీ తప్పు అనను. ఇదేమిటని అడిగారు. మా షెడ్డులో డ్యాంపర్ అని ఎవరం అనం. మా నాన్న పెట్టిన పేరు ‘అదురు సంపీది’. వేణుకి తెలుగు అర్థమవుతుంది గాని నోరు తిరిగేది బర్మాలో. ఆ పేరునే బర్మాలోకి మార్చి చెప్పాడు. యంత్రం అదురుకి మాట తెలియక, భయంతో వణికే మనుషులకు వాడే మాట వాడాడు. వణికేవాళ్ళని చంపడానికి అన్నట్టు వినబడింది. ఊళ్ళో బాంబులు పేలుతున్న ఈ రోజుల్లో ఆ మాట ఎలా వినబడుతుందో నాకు తెలుసు.

ఈ రోజు పొద్దున ఇదంతా చెప్పాను. అధికారి గారు చంద్రరావు గారిని అడిగారు, తెలుగులో ఆ మాటకి చంపడమనే అర్థమా అని. ఆయన భయస్థుడు. అవును, చంపడమంటే చంపడమే అన్నారు. నాకు ఒళ్ళు మండింది. బాబాయ్, కాస్త ఆలోచించి చెప్పు అన్నాను. తనకెందుకొచ్చిన గొడవ అన్నట్టు కిటికీలోంచి వాన చూస్తూ కూర్చున్నారు. నేనూ చూశాను. బయట రేకు మీద వాన పడుతుంటే గది మొత్తం సన్నగా అదురుతున్నట్టు ఉంది. లోపలెక్కడో వేణు దగ్గు వినబడింది.

అప్పుడు టీ వచ్చింది. చంద్రరావు గారు గ్లాసు పట్టుకుని చెయ్యి కాలి, నీళ్ళ కూజా నా పక్కన ఉంటే గ్లాసు నా వైపు చాపారు.

“అమ్మీ, రెండు సుక్కలు సన్నీలు పొయ్యి. కాస్త ఏడి సంపు.”

నేను కూజా ముట్టుకోలేదు. ఆయన్నే చూస్తూ కూర్చున్నాను. ఆయనకి అర్థమవడానికి కొంచెంసేపు పట్టింది. అధికారి గారు ఏమన్నారని అడిగారు. చంద్రరావు గారు గ్లాసు కింద పెట్టి, తల వంచుకుని, ఉన్నదున్నట్టు బర్మాలో చెప్పారు: టీలో వేడిని చంపమన్నాను. మేం పులుసులో పులుపు చంపుతాం, ఆకలి చంపుకుంటాం, ఎవరి మీదా కత్తి ఎత్తం అని కూడా ఆయనే చెప్పారు. అధికారి గారు నవ్వలేదు గాని రాస్తున్న కలం ఆపారు.

మాట సంగతి సరే, లోపల ఏముందో చూడకుండా మనిషిని వదలడం కుదరదన్నారు. తెరిస్తే అది ఇంక పనికి రాదు. ఆ సంగతి చెప్పాను. చెప్పి, నేనే కోస్తాను, గ్రైండర్ ఇప్పించమన్నాను. వెనక పెరట్లో అందరూ గోడ అవతలికి వెళ్ళారు. వేణుని వరండాలోకి తెచ్చారు. అంచు వెంబడి కోశాను. డొల్ల విడిపోయింది. ద్రవం అరిచెయ్యంత వెడల్పున, నెయ్యిలా, ఏ తొందరా లేకుండా జారింది. కడియం దాంట్లో కొంచెం తిరిగి ఆగింది. అధికారి గారు వేలితో ముట్టుకుని వాసన చూశారు. వాసన లేదు.

“అక్కా, నీ డ్యాంపర్ పోయింది,” అన్నాడు వేణు. ఆ ముక్క తెలుగులోనే అన్నాడు.

“పోతే పోనీరా. ఇనపముక్క మల్లీ వస్తాది. నువ్వేటి తిన్నావు?”

ఏమీ తినలేదన్నాడు. వాడి సంకెళ్ళు నా ఎదుటే తీశారు.

తనిఖీ దగ్గరి సంగతి తప్ప ఇందులో ఉన్నదంతా నేను కళ్ళారా చూసింది, చేతులారా చేసింది. ఎవరి బెదిరింపుకీ చెప్పింది కాదు. చంద్రరావు గారు చదివి వినిపించారు. ఒకచోట అదురును శాంతింపజేసే పరికరం అని రాయించబోయారు, నేను ఒప్పుకోలేదు. నా తమ్ముడి కాగితంలో చంపడం అని ఉంది, నా కాగితంలోనూ అదే ఉండాలి. వాడు చెప్పింది నిజం. సంతకం వంకరగా వచ్చింది, ఇది నాదేనా అని రేపు అడగొద్దు. చెయ్యి అదురుతోంది. అదురు చంపేది కోసిపారేశాను కదా.

(సంతకం) సుధామణి
తెలుగు మాటకు సాక్షి: చంద్రరావు