రాణీగారి కాళ్ళకంటిన ఒండ్రు

ఆ పీట లాక్కుని కూర్చో అమ్మాయ్. రాణీగారి గురించేనా? ఆయ్, అందరూ ఆవిడ గురించే వస్తారు. ముందు నిన్నెవరు పంపేరో చెప్పు. కాలేజీ వాళ్ళా, దివాణం వాళ్ళా? పోనీలే, నువ్వు చెప్పినా నేను నమ్మను. ఆ సంచీలో ఉన్నది మేస్టారి పుస్తకమేగా, అట్ట చూసే పోల్చేను. వీరవెంకటరమణ మేస్టారని, కొత్తపేట హైస్కూల్లో తెలుగు చెప్పేవారు. సన్నటి మనిషి, ఎండాకాలం కూడా మెడ చుట్టూ ఉత్తరీయం. పోయి చాలా కాలమైంది పాపం. మంచాయనే గానీ అనుమానం మనిషి. కాఫీ ఇచ్చినా ముందు వాసన చూసేవారు. అదే, జమీందారీలు రద్దయి గవర్నమెంటువాళ్ళు భూములన్నీ తీసేసుకున్నాక, రాణీగారి దత్తుడు పోలిరాజుగారికి బెంగ పట్టుకుంది. 'ఎస్టేటు ఎలాగూ పోయింది, మా అమ్మగారి పేరన్నా నిలబడాలి మేస్టారూ, ఆవిడ చరిత్ర రాయండి' అన్నారు. ఈయన సరేనన్నారు. యాభై రెండో, యాభై మూడో. మా పెద్దాడు నా కడుపులో ఉన్నాడప్పటికి.

రాయడమంటే ఎలాగనుకున్నావు? వాళ్ళది ఘోషా. పరాయి మగాడికి మొహం కనపడకూడదు సరే, గొంతు కూడా వినపడకూడదు. హాల్లో అడ్డంగా తెర కట్టేవారు. ఇటు మేస్టారు, అటు రాణీగారు, ఆవిడ పక్కన నేలమీద మా అమ్మ మంగాయమ్మ. ఈయన అడగడం, ఆవిడ మా అమ్మ చెవిలో చెప్పడం, మా అమ్మ పైకి చెప్పడం. మా అమ్మంటే ఎవరు, రాణీగారికి తొమ్మిదేళ్ళకే పెళ్ళిచేసి అత్తారింటికి పంపినప్పుడు అరణంగా కూడా పంపించిన పిల్ల. బిందెలూ, పందిరిమంచం, మా అమ్మా. ఇద్దరిదీ ఒకటే ఈడు. ఇష్టమేనా అని ఇద్దర్లో ఎవర్నీ ఎవరూ అడగలేదులే. నేను పక్కగదిలో తమలపాకులు తుడుస్తూ అంతా వినేదాన్ని. తెర వెనక గుసగుస ఇంతే ఉండేది, మా అమ్మ చెప్పేది చాంతాడంత. మేస్టారు కలం ఆపి, 'అమ్మా మంగాయమ్మా, రాణీగారు అంత మాటా అన్నారా?' అనేవారు. 'అన్నారండి.' 'నాకు రెండు మాటలే వినపడ్డట్టుందే?' 'తమరికి అవి కూడా వినపడకూడదు కదండీ.' ఇంకేమంటారాయన, రాసుకునేవారు.

అలా రాసుకుంటూ ద్రాక్షారామం ప్రయాణం దగ్గరికొచ్చేరు. కోటిపల్లి రేవులో పడవ దిగితే కాళ్ళు ఒండ్రులో పిక్కల దాకా దిగబడ్డాయట, గాజులమ్మే మనిషెవరో చెయ్యి పట్టుకు లాగిందట, జీళ్ళు కొనుక్కుని తింటూ నడిచేరట. మా అమ్మ చెప్పుకుపోతోంది. మేస్టారు కలం మూసేసేరు. ఆయనకి తెలీదా, రాణీగారు మేనాలో కూర్చుంటే ఆ మేనాని అలాగే పడవెక్కించేవారు, గుళ్ళోకి వెళ్ళేదాకా అటూ ఇటూ తెరలు పట్టేవారు. 'రాణీగారి కాళ్ళకి ఒండ్రెలా అంటిందమ్మా?' అన్నారు.

మర్నాడు పోలిరాజుగార్ని వెంటబెట్టుకునే వచ్చేరు. 'ఇది రాణీగారి జీవితం కాదండి బాబుగారూ, ఈ మంగాయమ్మ తన సొంత గోడు రాయిస్తోంది నాచేత. నా పేరు మీద అబద్ధం అచ్చవకూడదు.' అదీ ఆయన బాధ. తప్పనను. పోలిరాజుగారి మొహం కందగడ్డయిపోయింది. 'అదే నిజమైతే మంగా, ఈ పూటే మూట సర్దుకో' అన్నారు. ఎక్కడికి పోతుంది? పుట్టిల్లు ఏ ఊళ్ళోనో కూడా దానికి తెలీదు. నేనూ నిండు చూలాలిని, పురిటికొచ్చి ఆ దివాణం పెరటి వసారాలోనే ఉన్నాను. అప్పుడు తెర వెనకనించి వినపడింది, ఎన్నాళ్ళో తియ్యని తలుపులా కిర్రుమంటూ ఓ గొంతు. 'ఒండ్రు నా కాళ్ళకే అంటిందండి మేస్టారూ. అలాగే రాయండి.' ఆవిడే. పరాయి మగాడి ముందు ఆవిడ గొంతు వినపడేసరికి పోలిరాజుగారు తలెత్తలేక లేచి వెళ్ళిపోయేరు. మేస్టారు అలాగే రాసేరు, అచ్చేయించేరు. నీ సంచీలో ఉన్నది అదే.

ఆ తరవాత మేస్టారికి మనశ్శాంతి లేదు. నేను బజార్లో కనపడితే చాలు, 'కాంతం, నిజం చెప్పు, నా పుస్తకంలో ఉన్నది ఎవరే?' అనేవారు. మంచం పట్టేక కూడా కబురెట్టేరు. వెళ్ళలేదు. వెళ్ళి ఏం చెప్పను? నాకూ అనుమానమే. మా అమ్మ తన ముచ్చటే చెప్పిందనుకున్నాను చాన్నాళ్ళు. కానీ ముసుగేసుకుంటే రాణీ ఎవరు, దాసీ ఎవరు? ఆ ద్రాక్షారామం ప్రయాణంలో మా అమ్మే పట్టుచీర కట్టుకుని మేనాలో కూర్చుందేమో, ఆవిడ మా అమ్మ కోక చుట్టుకుని ఒండ్రులో దిగిందేమో. ఓసారి మా అమ్మనే అడిగేను కూడా. గోంగూర దూస్తోంది, 'ఆ చేట ఇలా తే' అంది.

ఏంటీ, ఏ పేజీ ఎవరిదో గుర్తు పెట్టమంటావా? పెన్సిలు కూడా తెచ్చేవా? నువ్వు గడప తొక్కినప్పుడే అనుకున్నాను ఇలాంటిదేదో అడుగుతావని. ఇది రాణీగారిది, ఇది దాసీదని నువ్వు విడదీసి రాస్తే ఆవిడకి ఆ నాలుగ్గోడలే మిగుల్తాయి. మా అమ్మకి అవీ మిగలవు. నేను చెప్పను అమ్మాయ్. ఆ పెన్సిలు లోపల పెట్టుకో. మబ్బేస్తోంది, డాబా మీద వడియాలున్నాయి. రా, చాప ఆ చివర పట్టుకుందువు గాని.