సిద్ధవ్వ పీరును అడిగిన మాట

మొగులయ్య అని ఒకాయన ఉండెనంట, రేగడిపెల్లిల. మనిషి మెత్తన. ఎంత మెత్తనంటే, ఆయన కోడిని అదిలిస్తే ఆ కోడి కూడ ఒకసారి ఎనుకకు తిరిగి ఈయన దిక్కు చూసి, నిదానంగ నడుసుకుంట పోయేదంట. ఇంట్ల పెండ్లాం సిద్ధవ్వ. ఆమె నిలబడుమంటే నిలబడుడు, కూసోమంటే కూసునుడు. ఊర్ల నలుగురు కూసుండి మాట్లాడుకునే కాడికి ఈయన పోతే ఎవ్వరు జరిగి జాగ ఇచ్చేటోళ్లు గాదు. గట్లాంటి మనిషి, ఏడాదిల పది రోజులు మాత్రం పులి అనుకో. ఎందుకంటే, పీర్ల పండుగకు నాల్ సాబు పీరును ఎత్తుకునేది ఆయననే. తాత ఎత్తిండు, తండ్రి ఎత్తిండు, ఇప్పుడు ఈయన. నాల్ సాబు పీరంటే మీరు చూసే ఉంటరు, గుర్రపు లాడం తీరుగ వంగి ఉంటది, వెండితోటి చేసింది, కింద పొడుగు కర్ర, ఆ కర్రకు రంగు రంగుల దట్టీ గుడ్డలు కడ్తరు. అది చేతికి వచ్చిందంటే ఇగ మొగులయ్య మొగులయ్య గాదు. ఒళ్లు ఊగుతది, గొంతు మారుతది. పటేలు సుత ఇంట్లకెల్లి బయటికొచ్చి, చేతులు కట్టుకొని, "వానలు ఎట్లుంటయి దేవరా" అని అడుగుతడు. పీరు ఏం చెప్తే అది.

ఇగ ఏమైందంటే, ఒక ఏడు, పండుగ ఇంక మూడు నెలలున్నదనంగ, సిద్ధవ్వ బర్రె ఎదకొచ్చింది. పక్కూర్ల మంచి దున్నపోతు ఉన్నదని, "తోలుకపోయి తోలుకరా" అని మొగని చేతుల తాడు పెట్టిందంట. అది ఉత్త బర్రె గాదు. సిద్ధవ్వ తల్లి సాకింది, సచ్చిపోయే ముందు బిడ్డను పిలిచి తాడు చేతికిచ్చి పోయింది. దానికి సిద్ధవ్వ చెయ్యి తగిలితెనే పాలు, ఇంకెవ్వరు కూసున్నా తన్నుడే. సరే, మొగులయ్య పొద్దున బర్రెను తోలుకొని పోయిండు. మాపటికి గుర్రంతోటి వచ్చిండు. నవ్వకుండ్రి, జరిగింది చెప్తున్న. బర్రెతోటి పోయిన మనిషి గుర్రంతోటి వచ్చిండు. ముసలి గుర్రం, ఒక చెవి కిందికి వాలింది, కడుపు మీద బొక్కలు లెక్కపెట్టచ్చు. సిద్ధవ్వ వాకిట్ల పేడనీళ్ల సాన్పి చల్లుతున్నదంట, చేతుల సాన్పి చేతులనే ఉన్నది. "బర్రె ఏది" అన్నది. "తొవ్వల ఒకాయన కలిసిండు," అన్నడీయన. "బర్రె ఏది" అన్నది మళ్ల. "నాల్ సాబును ఎత్తుకునేటోనికి గుర్రం లేకుంటె ఎట్లుంటది చెప్పు, ఆ పీరే గుర్రపు లాడమాయె. ఆ గుర్రం నా దిక్కు చూసింది సిద్ధీ. నిలబడి చూసింది." "బర్రె దినాం చూడలేదా నీ దిక్కు," అన్నది సిద్ధవ్వ. గదే ఆఖరి మాట. ఆ మాట అని లోపలికి పోయింది, ఇగ మొగనితోటి మాట్లాడుడు బందు.

మాట్లాడుడు బందంటే, ఇంట్ల పని ఆగుతదా, ఆగదు గద. అందుకని ఏంచేసేదంటే, చెప్పాల్సింది గుర్రానికి చెప్పేదంట. "ఓ గుర్రమా, గంజి పోసిన, సల్లారిపోతున్నది." "ఓ గుర్రమా, రేపు మా తమ్ముడొస్తడు, మంచి దోతి కట్టుకోమను." ఈయన కూడ ఇగ ఏం జేస్తడు, గుర్రం ఎనుక నిలబడి ఊ కొట్టేటోడు. పోనీ గుర్రమన్న దక్కిందా అంటే, అది పాత యజమాని కాడ ఏండ్లకేండ్లు కల్లు కుండలు మోసిన గుర్రం. దానికి ఒక్కటే తొవ్వ తెలుసు. మొగులయ్య దాని మీద కూసుండి చెల్కకు పోదామని అదిలిస్తే సక్కగ కల్లుదుకాణం ముంగట పోయి నిలబడేది. పటేలింటికి పోదామంటే కల్లుదుకాణం. చుట్టాలింటికి పోదామంటే కల్లుదుకాణం. చూసినోళ్లందరు, "మొగులయ్య పొద్దుగాలనే మొదలుపెట్టిండు" అనుడు. పాపం ఆయన కల్లు ముట్టడు.

గట్ల మూడు నెలలు గడిచినయి, నెల పొడిసింది, పీర్ల కొట్టంల పీర్లను కూసోబెట్టిన్రు. ఆ కొట్టం చూసుకునే ముజావరు మదార్ సాబు, ముసలాయన, తెల్లగడ్డం, ఊరంతటికి కాక. పీరును ఎత్తేటోళ్లు పది రోజులు ఆడనే పండాలె, ఆడనే ఒక్కపొద్దులుండాలె. మొదటి రోజే కాక మొగులయ్యను పక్కకు పిలిచి, "ఇంట్ల అంత మంచిదే గదరా? కోపతాపాలు ఏమన్న ఉంటె ఇప్పుడే చెప్పు. మనసుల ముల్లు పెట్టుకొని పీరును ముట్టద్దు" అన్నడంట. మొగులయ్య నేల దిక్కు చూసి, "అంత మంచిదే కాక" అన్నడు. మదార్ సాబు తల ఊపి లోపలికి పోయిండు. ఆయనకు ఎరుక లేకనా, ఊర్ల గుర్రం ముచ్చట తెల్వనిదెవ్వరికి.

పదోనాడు పొద్దున పీర్లు లేచినయి. డప్పులు, ఊదు పొగ, "అస్సోయ్ దూలా" అనుకుంట పిల్లాజెల్లా ఎనుక. ఇంటింటికి పోతరు, ఆడోళ్లు బిందెతోటి నీళ్లు తెచ్చి పీరు కాళ్ల మీద పోస్తరు. అంటే ఎత్తినోని కాళ్ల మీద అనుకో. రొట్టె బెల్లం కలిపిన మలీద ముద్దలు పెడ్తరు, దట్టీ కడ్తరు, మనసులున్నది అడుగుతరు. ఇండ్లన్ని తిరిగి మాపటికి వాగుకు పోతరు. గట్ల తిరుగుకుంట తిరుగుకుంట నాల్ సాబు పీరు మొగులయ్య వాడకట్టుకు వచ్చింది. ఊరు ఊరంత ఆడికే వచ్చి నిలబడ్డది, పక్క వాడ పీరును విడిచిపెట్టి మరీ వచ్చిన్రంట. సిద్ధవ్వ బయటికొస్తదా రాదా. వచ్చింది. తానం చేసి, పసుపు పెట్టుకొని, బిందె సంకల పెట్టుకొని వచ్చింది. కాళ్ల మీద నీళ్లు పోసింది, మొక్కింది, మలీద పెట్టింది. అందరు, సరే, అయిపోయింది అనుకున్నరు. అప్పుడు ఆమె లేచి నిలబడి, "దేవరా, ఒక మాట అడగాలె" అన్నది.

పీరు ఊగుకుంట, "అడుగు బిడ్డా" అన్నది. సిద్ధవ్వ అన్నది, "మా ఇంటాయన ఇంట్ల లేడు దేవరా, పది రోజులాయె, నీ కొలువుకే పోయిండు. ఆయన లేనప్పుడు చెప్పుడు బాగుండదు గని, నాకు ఇంకెవ్వరున్నరు. మా అమ్మ చేతులకెల్లి వచ్చిన బర్రెను నాకు చెప్పకుంట గుర్రానికి ఇచ్చిండు. మూడు నెలలు చూసిన. తప్పయింది అంటడేమో అని చూసిన. అనలే. అగో, గడప కాడ మూట కట్టి పెట్టిన. మా తమ్మునింటికి పోవాల్నా, ఉండాల్నా, నువ్వే చెప్పు." అందరు గడప దిక్కు చూసిన్రు. నిజంగనే మూట ఉన్నది. అప్పటిదాక మూతికి కొంగు పెట్టుకొని నవ్విన ఆడోళ్లు నవ్వుడు ఆపిన్రు. డప్పులోళ్లు సుత ఆపిన్రు.

పీరు ఒకసారి అటు ఊగింది, ఇటు ఊగింది. ఎనుక "ఆ గుర్రం నాదే బిడ్డా, కోపం పెట్టుకోకు" అన్నది. సిద్ధవ్వ తలెత్తి సూటిగ చూసింది. "దేవరా, పన్నెండేండ్ల సంది నీకు నీళ్లు పోస్తున్న. నువ్వు మాట్లాడితే నా ఒంటి మీద ఎంటికలు నిక్కపొడుస్తుండె. ఇప్పుడు ఒక్కటి లేవలే. ఇది నీ గొంతు గాదు. మా ఆయనది. గుర్రం ముచ్చట తీస్తే ఆ గొంతు గిట్లనే సన్నగైతది" అన్నది. ఊరంత కొయ్యబారింది. పీరుకు ఎదురు మాట్లాడిన ఆడమనిషిని వాళ్లు ఎన్నడు చూడలే. కొందరు మదార్ సాబు దిక్కు చూసిన్రు, ఇప్పుడు ఈయన ఏమంటడో అని.

మదార్ సాబు నిదానంగ వచ్చి మొగులయ్య చేతులకెల్లి పీరును తీసుకున్నడు. తన భుజానికి ఆనిచ్చుకొని నిలబడ్డడు. "పీరు వచ్చింది, వాకిట్ల నిలబడ్డది, వీని లోపలికి రాలే," అన్నడు. "ఇంట్ల మనిషి ఏడుస్తుంటె ఆ నోట పీరు పలుకదు. ఇప్పుడు నీ చేతుల ఏం లేదు మొగులయ్యా. నువ్వే చెప్పు."

చూడుండ్రి, ఆయన కష్టం చూడుండ్రి. కాళ్లు తడిసి ఉన్నయి, చేతులు ఖాళీ, ఎక్కడ పెట్టుకోవాల్నో తెలుస్తలేదు. ఊరంత ముంగటున్నది. పీరు లేకుంట ఆయన పదిమందిల నోరు తెరిసింది లేదు. నేల దిక్కు చూసుకుంట, "పది రోజులు అందరు నాకు లేచి నిలబడుతరు," అన్నడంట. "పదకొండోనాడు ఎవ్వడు మొగులయ్య అని పిలువడు. గుర్రం మీద పోతే, తలకాయ ఎత్తన్న చూస్తరు గద అనుకున్న. నిన్ను అడిగితే వద్దంటవని అడగలే. కాకతోటి అబద్ధమాడిన, పీరు నోట నా మాట పెట్టిన. తప్పయింది సిద్ధీ." సిద్ధవ్వ కొంగుతోటి కండ్లు తుడుచుకున్నది. "అడిగితే వద్దనే అందును," అన్నది, "అయినా అడగాలె." ఎనుకకెల్లి ఎవరో కిసుక్కుమన్నరు, ఇగ అందరు నవ్విన్రు, మొగులయ్య కూడ నవ్విండు.

మదార్ సాబు, "బిడ్డా, పీరును మళ్ల వీని చేతుల పెట్టాల్నా? నీకు సమ్మతమైతెనే పెడ్త. లేదంటె ఇంకొకడు ఎత్తుతడు" అని అడిగిండు. "పెట్టు కాక" అన్నది సిద్ధవ్వ. పెట్టిండు. చెయ్యి తగిలిందో లేదో, మొగులయ్య ఒళ్లు జల్లుమన్నది. ఇంతకుముందు ఊగింది ఊగుడే గాదు. దట్టీలు గాలిల లేచినయి, పక్కనున్న డప్పాయన రెండడుగులు ఎనుకకు జరిగిండు. వాడకట్టు దద్దరిల్లేటట్టు పీరు ఒక్కటే మాట అన్నది, "బర్రెను తోలుకరా." సిద్ధవ్వ చేతుల మీద ఎంటికలు నిక్కపొడిసినయి. "ఇది నువ్వే తండ్రీ" అనుకుంట కాళ్ల మీద పడ్డది.

తెల్లారి మొగులయ్య గుర్రాన్ని పట్టుకొని, అది ఇచ్చినాయన ఊరికి పోయిండంట. బతిలాడాలె, కాళ్లు పట్టుకోవాలె అనుకుంట పోయిండు. ఆ గుర్రమాయన కుంటుకుంట ఎదురొచ్చి, "నాయినా, ఇయ్యాల వచ్చినవా, నేనే వద్దామనుకుంటి, కాలు లేస్తలేదు" అన్నడు. మూడు నెలలు బర్రె చుక్క పాలియ్యలే, తన్నుడు మాత్రం రెండు పూటలు. గట్ల ఎవరిది వాళ్లకు చేరింది. సిద్ధవ్వ మూట ఇప్పింది.

అప్పటి సంది ఆ ఊర్ల ఏం జేస్తరంటే, పదోనాడు పీర్లు లేసే ముంగట ముజావరు కొట్టం గడప కాడ నిలబడి, "ఎవరికన్న ఎవరి మీదన్న కోపమున్నదా" అని మూడుసార్లు అడుగుతడు. ఉన్నదంటే, అది తీరేదాక పీరు లేవదు. నేను నా కండ్లతోటి చూసిన. మా అత్తగారూరు గదే గద. పెండ్లైన మొదటేడు పండుగకు పోతే అందరితోటి నేను కూడ కొట్టం ముంగట నిలబడ్డ. ముజావరు మొదటిసారి అడిగిండు, ఎవ్వరు మాట్లాడలే. రెండోసారి అడిగిండు, మా ఇంటామె నా దిక్కు చూసింది. మూడోసారికి ముందలికి నడిసింది. ఆ ఏడు పీర్లు చాన ఆలస్యంగ లేచినయి. ఎందుకని నన్నడగకుండ్రి. అగో, చింతపండు గింజలు తీసుకుంట ఆడనే కూసున్నది, ఆమెనే అడుగుండ్రి.